ఎనిమిదో నంబరు చట్రం

పదిహేడో బోల్టు మొండికేసింది. ఐనాల్ మిస్త్రీ దాని నెత్తిన రెండు చుక్కల కిరసనాయిలు పోసి, పానా తగిలించి, ఒక పట్టు పట్టి చూశాడు. కదల్లేదు. పానా దానికే వదిలేసి రేకుగోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. బోల్టు నానాలని కాదు, తనకి ఊపిరి అందాలని. ఆ సంగతి ఎవరూ పసిగట్టకుండా బోల్టువైపే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"ఏం మిస్త్రీ, బోల్టుతో మంతనాలా?" కప్పు మీద కూర్చుని రేకులు విప్పుతున్న సోబేద్ కేకేశాడు. "ఏమంటోంది? పిల్లనిస్తానంటోందా?"

"ఇస్తానంటోంది. నీకు మాత్రం కాదట. పళ్ళు లేవట."

సోబేద్ ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఇద్దరిదీ ఒకే పని, ఒకే బీడీకట్ట. పొద్దున తొలి నమాజు వేళకి వాళ్ళు విప్పుతున్న బడికీ నది గట్టుకీ మధ్య తొంభై మూరల నేల ఉంది. సోబేద్ పది మూరలకొకటి చొప్పున జనపకట్టెలు పాతాడు. ఇప్పుడు తొమ్మిదింటికి చూస్తే మూడు కట్టెలు లేవు. ఉండుండి గట్టు విరిగి నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వినపడగానే అందరూ ఒక్క క్షణం ఆగి, మిగిలిన కట్టెలు లెక్కబెట్టుకుని, మళ్ళీ పనిలో పడుతున్నారు.

ఆ బడికి పునాది లేదు. జమున మధ్యలో ఇసుక లంక మీద పునాది వేసే తెలివితక్కువవాడు ఇంకా పుట్టలేదు. ఎనిమిది ఇనుప చట్రాలు, వాటిని కలిపే దూలాలు, గోడలకీ కప్పుకీ రేకులు, కింద పరిచే చెక్కలు, అన్నింటినీ పట్టి ఉంచే మూడువందల పైచిలుకు బోల్టులు, ఇంతే బడి. విప్పడానికి ఒక రోజు, ఇంకో లంకలో నిలబెట్టడానికి నాలుగు రోజులు. ఆరేళ్ళ కిందట ఢాకా ఆఫీసువాళ్ళు దీన్ని పడవల మీద పంపి, విప్పి బిగించుకునే బడి అని గొప్పగా చెప్పినప్పుడు లంకవాళ్ళు మర్యాదకి తలలూపారు. వాళ్ళ ఇళ్ళన్నీ అలాంటివే మరి. చేతిపంపును కూడా నేలలోంచి పీకి భుజాన వేసుకుపోయే మనుషులు వాళ్ళు. ఐనాల్ తన ఇంటినే పదకొండుసార్లు విప్పాడు. అందులో ఒకసారి లోపల భార్య నొప్పులు పడుతుంటే, ఆ ఒక్క గది వదిలేసి మిగతాదంతా విప్పి, బిడ్డ ఏడుపు వినపడ్డాక ఆ గదీ విప్పాడు. ఆ భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ బిడ్డ అవతలి ఒడ్డున కాపురం చేసుకుంటోంది.

యాభై ఆరేళ్ళ మనిషి. దూలాలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకి నల్లబడి అలాగే ఉండిపోయింది. ఈ రెండు నెలల నుంచీ చీలమండలు వాస్తున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట బీడీ కాల్చి పారేసేదాకా పూడదు. గుండె ఉబ్బింది, బరువులెత్తకు అన్నాడు డాక్టరు. మిస్త్రీని బరువులెత్తొద్దనడం చేపని నీళ్ళలో దిగొద్దనడమే. ఐనాల్ బుద్ధిగా తలూపి వచ్చేశాడు. కొత్త లంకలో ఈ బడిని నిలబెట్టేది తను కాదని మాత్రం ఆ రోజే అతనికి తెలిసిపోయింది. సోబేద్ నిలబెడతాడు. ఎలా నిలబెడతాడు? మిస్త్రీ ఎక్కడ ఏది పెట్టాడో అక్కడ అదే పెడతాడు. ఐనాల్‌ని రాత్రింబవళ్ళు కొరుక్కు తింటున్నది ఆ మాటే.

బోల్టు ఈసారి కిర్రుమని తిరిగింది.

ఎనిమిది చట్రాల్లో మధ్యవి ఆరూ కవలపిల్లలు. ఏది ఎక్కడ పెట్టినా ఒకటే. తేడా ఉన్నది ఆ చివరా ఈ చివరా నిలబడే రెండింటికే. వైశాఖంలో గాలివాన వచ్చేది వాయవ్యం నుంచి కనుక అటు మందపాటి ఇనుముతో చేసిన చట్రం ఉండాలి. ఆగ్నేయం వైపుకి పలచటిది చాలు. పైకి చూస్తే రెండిటికీ ఒకే ఎత్తు, ఒకే పచ్చరంగు. గుర్తుకోసం ఫ్యాక్టరీవాళ్ళు కాలి దగ్గర అంకె కొట్టి పంపారు. మందపుదానికి ఎనిమిది, పలచదానికి నాలుగు. ఇంగ్లీషు అంకెలు కొట్టారు.

అప్పటికి ఐనాల్‌కి అంకెలొచ్చి నెలరోజులయింది. యాభై ఏళ్ళు దేనికీ అక్కరపడని చదువు ఆ వయసులో వచ్చిందంటే కారణం పారుల్. అప్పట్లో పాకలో నడిచిన బడిలో పిల్లలకి కిచిడీ వండే ఆలేయా కూతురు. రెండో తరగతి. తల్లి గంగాళాలు తోముకునే వేళ ఆ పిల్ల ఐనాల్‌ని ఇసుకలో కూర్చోబెట్టి, జనపకట్టెతో బెంగాలీ అంకెలు గీసి, తప్పు చెబితే అదే కట్టెతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది.

"నాలుగంటే తల మీద తల, తాతా. ఎనిమిదంటే ఒంటికాలి కొంగ. ఏదీ, గియ్యి?"

"కొంగకి ముక్కు లేదేం?"

"చేపల కోసం నీళ్ళలో పెట్టింది. నువ్వు గియ్యి ముందు!"

తొమ్మిది దాకా వచ్చాయి. పదికి రెండంకెలు గీయాలంటే మాత్రం ఇది మోసం, నేనొప్పుకోను అని లేచిపోయాడు. పారుల్ వారం రోజులు ఆ మాట చెప్పి బడి మొత్తాన్ని నవ్వించింది.

చట్రాలు లేపే రోజున లుత్ఫర్ మాస్టారు ఆఫీసు కాయితం చూసి చదివాడు. నాలుగు ఆగ్నేయానికి, ఎనిమిది వాయవ్యానికి. "వచ్చి చూపించనా ఐనాల్?" అని కూడా అడిగాడు. "నాకు తెలుసు మాస్టారూ" అన్నాడు ఐనాల్. రాతకోతల విషయంలో జీవితంలో అతనా మాట అన్నది అదొక్కసారే. వెళ్ళి చూశాడు. తల మీద తల. ఇదే నాలుగు అనుకున్నాడు. బెంగాలీ నాలుగూ ఇంగ్లీషు ఎనిమిదీ అచ్చం ఒకేలా ఉంటాయి. ఆ సంగతి పారుల్‌కి తెలియదు, ఆ పిల్ల ఇంకా ఇంగ్లీషు పుస్తకం ముట్టుకోలేదు. మందపు చట్రాన్ని ఆగ్నేయానికి మోయించాడు. మోస్తున్నప్పుడు భుజం అడిగింది, పలచదానికి ఇంత బరువేమిటని. అంకె చెప్పాక భుజం మాట ఎవరు వింటారు?

మరుసటి వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. బడి వదిలేశారు. ఆలేయా వంటపాక కప్పుని తాడేసి పట్టుకుంటూ, నువ్వు బడిలోకి పో, అక్కడ గట్టిగా ఉంటుందని కూతుర్ని తరిమింది. వాయవ్యం చట్రం మోకాలి దగ్గర మడిచినట్టు మడుచుకుపోయి, గోడా కప్పూ ఆ మూలకి ఒరిగాయి. రేకులెత్తి, కింద ఉన్న పారుల్‌ని తీసింది ఐనాలే. ఆఫీసు నుంచి వచ్చినాయన గాలివాన మామూలు కంటే తీవ్రంగా వచ్చిందని రాసుకుపోయాడు. వంగిన చట్రాన్ని కొలిమిలో కాల్చి సాపు చేసి, ఐనాల్ దాన్ని మళ్ళీ అదే మూలన నిలబెట్టాడు. అతనికి అప్పటికింకా తెలియదు.

తెలిసింది రెండేళ్ళ కిందట, అవతలి ఒడ్డున ఆస్పత్రిలో. చేతిలో అట్టముక్క పెట్టారు. దాని మీద తల మీద తల ఉంది. నాలుగు అని పిలవగానే లేచి వెళ్ళాడు.

"నీది ఎనిమిది పెద్దాయనా," అన్నాడు కాంపౌండరు విసుగ్గా. "ఇంగ్లీషు ఎనిమిది. పోయి కూర్చో."

కూర్చున్నాడు. ఎనిమిది అని పిలిచినప్పుడు కూడా కూర్చునే ఉన్నాడు. ఆ రోజు డాక్టర్ని చూడకుండానే పడవెక్కి వచ్చేశాడు.

అప్పటినుంచీ ఎవరికీ చెప్పలేదు. చట్రాలు మార్చాలంటే బడి విప్పాలి, విప్పాలంటే ఎందుకో చెప్పాలి. భయమేసింది. దానికి ఇంకో మంచి పేరు పెట్టడానికి లేదు. ఆకాశం నల్లబడినప్పుడల్లా మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, వాయవ్యం చట్రానికి వీపు ఆనించి, గాలి తగ్గేదాకా నిలబడేవాడు. చూసినవాళ్ళు, మిస్త్రీ బడిని మోస్తున్నాడర్రా అని ఎకసెక్కాలాడేవారు. అతనూ నవ్వేసేవాడు.

మధ్యాహ్నానికి గోడలు దిగిపోయాయి. ఇసుక మీద చట్రాలు మాత్రం మిగిలాయి. కట్టెలు నాలుగే ఉన్నాయి. ఆలేయా సత్తుగిన్నెలో చద్దన్నం, వేయించిన ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ తెచ్చి అతని ముందు పెట్టింది. సోబేద్, మిగతావాళ్ళు పడవ దగ్గర తింటున్నారు. పారుల్ పోయాక ఆలేయా అతనికి అన్నం పెట్టని పనిరోజు లేదు. మా పిల్ల నిన్ను తాతా అని పిలిచేది కదన్నా, అని ఒకసారి అంది. ఆ అన్నం ఈ రెండేళ్ళూ అతనికి ఎలా గొంతు దిగిందో అతనికే తెలియదు.

సగం తిని ఆగాడు.

"ఆలేయా. ఆ మూల చట్రం నేను తప్పు పెట్టాను."

"ఏ మూల?"

"అదే మూల."

ఆమె చేతిలో నీళ్ళ చెంబు ఉంది. కింద పెట్టలేదు. ఐనాల్ చెప్పాడు. తల మీద తల, కాయితం, ఆస్పత్రి, అట్టముక్క, అన్నీ చెప్పాడు. చెప్పడానికి రెండేళ్ళు పట్టిన సంగతి నాలుగు మాటల్లో అయిపోయింది.

"చూపించు," అంది ఆలేయా.

ఆగ్నేయం చట్రం దగ్గర గొంతుక్కూర్చుని, చీర చెంగుతో మట్టి తుడిచి, ఆ అంకెని చాలాసేపు చూసింది. తర్వాత వేలితో దాని మీద గీసింది, పైనొక తల, కిందొక తల.

"నాలుగే కదా ఇది."

"కాదు. ఇంగ్లీషులో ఎనిమిది."

"నాకూ నాలుగనే నేర్పింది అది."

వెనకాల గట్టు విరిగి పడింది. ఇద్దరూ అటు చూడలేదు.

"ప్రతి వైశాఖంలో గాలిని నోటికొచ్చినట్టు తిట్టాను అన్నా. దాని కళ్ళు పోను, దాని కడుపు కాల అని. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"విన్నాను."

"మాస్టారికి చెప్పావా?"

"కొత్త లంకకి చేరాక చెబుతాను. ముందు నీకు చెప్పాలని..."

"నాకెందుకు ముందు?" ఆమె గొంతు అప్పుడు లేచింది. "నాకేం మిగిలిందని నాకు ముందు? రెండేళ్ళు తెలిసి కూడా ఊళ్ళో పిల్లలందరినీ ఆ గోడ పక్కన కూర్చోనిచ్చావు. నీ వీపు అడ్డం పెడితే సరిపోతుందనుకున్నావా? నువ్వు లేని పూట గాలి రాదా?"

ఆలేయా వెనక్కి వెళ్ళి, గిన్నెలో సగం అన్నం ఉండగానే తీసుకుని వంటసామాను దగ్గరికి నడిచిపోయింది. లంకలో తినేవాడి ముందునుంచి కంచం తీయడమంటే చెప్పుతో కొట్టినదాని కంటే ఎక్కువ. ఐనాల్ ఎంగిలిచేత్తో అలాగే నిలబడ్డాడు. అంతకంటే తక్కువ తనకి తగదని అతనికి అనిపించింది.

చెయ్యి కడుక్కుని, ఐనాల్ వెళ్ళి సోబేద్ పడవలోంచి నీలం రంగు డబ్బా తెచ్చుకున్నాడు. పడవ ముక్కుకి వేసే రంగు, అడుగున కాస్త మిగిలింది. మందపు చట్రం కాలి మీద, చూసిన ఎవడికైనా కనపడేలా జానెడు ఎత్తున ఒంటికాలి కొంగని గీశాడు. కాలు వంకర పోయింది. దిద్దాడు. తర్వాత అవతలి చివరికి వెళ్ళి, పలచదాని మీద తల మీద తల గీశాడు. ఇక ఫ్యాక్టరీ అంకెని ఎవరెలా చదువుకున్నా, ఏది ఎక్కడిదో పారుల్ అంకె చెబుతుంది.

"ఏంటీ బొమ్మలు?" అన్నాడు సోబేద్. "ముసలితనంలో పెయింటరు పని మొదలెట్టావా?"

"కొంగ ఉన్నది వాయవ్యానికి. గుర్తుపెట్టుకో."

"ఇన్నాళ్ళూ ఇది ఆగ్నేయంలో కదా ఉంది?"

"ఇకనుంచి వాయవ్యానికి. నేను చెబుతున్నాను కదా."

సోబేద్ భుజాలెగరేశాడు. మిస్త్రీ మాటకి ఎదురు చెప్పడం అతని అలవాటు కాదు. కానీ మరుపు మాత్రం అతని అలవాటే, ఆ సంగతి ఐనాల్‌కి తెలుసు.

పొద్దు వాలేసరికి కట్టెలు రెండు మిగిలాయి. ఆఖరి పడవలోకి మందపు చట్రం ఎక్కించాలి. అయిదుగురు పట్టారు, ఆరో మనిషి తక్కువయ్యాడు. ఐనాల్ కుడి భుజం కింద పెట్టాడు. వద్దని ఎవరూ అనలేదు, అతని గుండె సంగతి ఎవరికీ తెలియదు కనుక. భుజం ఆ బరువుని వెంటనే గుర్తుపట్టింది. ఇసుకలో ముప్ఫై అడుగులు, ఆ తర్వాత పలక మీదుగా పడవలోకి. దించాక అతను ఆ చట్రానికే వీపు ఆనించి కూర్చున్నాడు. రంగు డబ్బాని కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ఇంజను టపటపలాడుతూ కదిలింది. వెనకాల లంక మీద బడి ఉన్నచోట ఒక దీర్ఘచతురస్రం, వంటపాక పొయ్యిరాళ్ళు, రెల్లు. మిగిలిన రెండు కట్టెలూ కళ్ళముందే వాలాయి. ఆలేయా గంగాళాల మధ్య, పడవ ముక్కు దగ్గర, వీపు ఇటు తిప్పి కూర్చుంది. ఐనాల్ రెండుమూడుసార్లు అటు చూశాడు. తర్వాత తలని ఇనుముకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎండ అతని మొహం మీద పడుతోంది.

నడినదిలో ఆలేయా లేచింది. గంగాళంలోంచి సత్తుగిన్నె తీసింది. పైన మూత పెట్టి ఉంది. పారబోయలేదు. ఉల్లిపాయ ముక్క కూడా అలాగే ఉంది. గంగాళాలు దాటుకుంటూ వచ్చి అతని ముందు పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంది.

"తిను."

అతను కదల్లేదు.

"ఇప్పుడు చట్రంతో మంతనాలు," అన్నాడు సోబేద్ చుక్కాని దగ్గర్నుంచి. "పిలిస్తే పలకడు."

"అన్నా. పస్తుండి ఎవర్ని ఉద్ధరిస్తావు? తిను."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది, కిందికి దిగిపోయిన ఆ కుడి భుజం మీద. వేసిన చెయ్యి వెంటనే తీయలేదు. సోబేద్ ఆమె మొహం చూసి ఇంజను ఆపేశాడు. పడవ కాసేపు నీటివాలుకి తనంతట తనే పోయింది.

కొత్త లంకలో అతనిదే మొదటి సమాధి. మట్టి ఇంకా తడిగా ఉండగానే బడి పని మొదలైంది, పిల్లలకి సెలవు వారమే కదా. చట్రాలు లేపే పూట సోబేద్ అలవాటుగా పలచదాన్ని వాయవ్యానికి మోయించబోయాడు. ఆలేయా పొయ్యి వదిలేసి వచ్చి అడ్డం నిలబడింది.

"కొంగ ఉన్నది ఇటు. మిస్త్రీ చెప్పి పోయాడు."

లుత్ఫర్ మాస్టారు అనుమానంగా పాత కాయితం తీసి చూశాడు. "అవును, ఎనిమిది వాయవ్యానికే," అన్నాడు. "ఎప్పుడూ అక్కడే కదా ఉంది?"

ఆలేయా పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. అసలు సంగతి ఆ రోజే కాదు, ఆ తర్వాతా ఎవరితోనూ అనలేదు. కోపం తీరి కాదు. చెబితే మిస్త్రీ పేరు పక్కనే పారుల్ నేర్పిన అంకె సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదేళ్ళు నిండని పిల్ల గురించి లంకంతా ఆ మాట అనుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

కార్తీకంలో ఆఫీసు నుంచి కొత్త ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. బోల్టులు బావున్నాయన్నాడు. చట్రాల మీద ఈ పిచ్చిగీతలేమిటి, నంబర్లు మేమిచ్చాం కదా అన్నాడు. దగ్గరుండి రెండు గీతల మీదా పచ్చరంగు వేయించి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పచ్చరంగు ఇంకా ఆరలేదు, ఎవరైనా వేలు పెడితే అంటుకుంటుంది.

వంటపాకలో, ఉప్పుజాడీ పక్కన నీలం రంగు డబ్బా ఉంది. ఎండిపోకుండా ఆలేయా దాని మూత గుడ్డ చుట్టి బిగించింది. పక్కనే కిరసనాయిలు పోసిన సత్తుగిన్నెలో కుంచె నానుతోంది, మెత్తగా.